"ఆ పైపులో ఏమన్నా పోసెయ్యమ్మా" అంటున్న మామకి ఏం జవాబు చెప్పాలి?

ఈ వారం ఉత్తరం ఉరవకొండ దగ్గర ఒక పల్లె నుంచి వచ్చింది. రాసినామె పేరు వద్దంది, ఊరి పేరు నేనే తీసేశాను. 34 ఏళ్లు, ఇద్దరు పిల్లలు, ఇంట్లోనే మిషన్ కుడుతుంది. మేనరికం. అంటే ఈ మామ మొగుడికి తండ్రే కాదు, ఆమె అమ్మకి సొంత అన్న, చిన్నప్పుడు ఆమెని భుజాల మీద ఎక్కించుకుని పెన్నహోబిలం తిరునాళ్లకి తీసుకుపోయిన మనిషి.

ఆయనకి 63. ఏళ్ల తరబడి ఖైనీ, బుగ్గలో క్యాన్సర్. రెండేళ్ల కింద బెంగళూర్లో ఆపరేషన్ చేసి కరెంటు (రేడియేషన్) పెట్టారు, రెండెకరాల శెనక్కాయ చేను దానికే పోయింది. ఆర్నెల్లు బాగున్నాడు, మళ్లీ వచ్చింది. రెండు నెలల కింద "ఇంక చేసేదేం లేదు, ఇంటికి తీసుకుపోండి" అన్నారు. ఇప్పుడు ముక్కులో పైపు, దాంట్లోంచే రాగి జావ, పాలు. బుగ్గకి రంధ్రం పడింది, వాసన. మాట స్పష్టంగా రాదు, దగ్గర కూర్చుంటేనే అర్థమవుతుంది. ఊళ్లో ఆర్.ఎం.పి. వచ్చి సాయంత్రం ఒక సూదేస్తాడు. కొడుకేమో తండ్రికి "గొంతులో పుండు, మానుతుంది" అనే చెప్తున్నాడు, ఇంట్లో ఎవరూ క్యాన్సర్ అనే మాట ఎత్తకూడదు.

మధ్యాహ్నం అందరూ చేనికి పోయాక మామ మూడుసార్లు ఈమె చెయ్యి పట్టుకుని అన్నాడంట, "నీకు మొక్కుతా తల్లీ, ఆ పైపులో ఏమన్నా పోసెయ్యి, సాలు ఇంక" అని. "వాడికి చెప్పొద్దు" అని పిల్లల మీద ఒట్టేయించుకున్నాడు. ఈమె భయపడిపోయి "అట్లా అనొద్దు మామా, నీకేం కాదు, పండక్కి లేచి తిరుగుతావు" అంది. ఆయన గోడవైపు తిరిగి పడుకున్నాడు, నాలుగు రోజులుగా ఈమెతో మాట్లాడట్లేదు, అన్నీ సైగలే.

ఆమె అడిగినవి: మళ్లీ అడిగితే ఏం చెప్పాలి, ఒట్టు తప్పి మా ఆయనకి చెప్పాలా, నొప్పి లేకుండా ప్రాణం పోయే సూది గవర్నమెంటు ఇస్తుందా. చివర్లో వేరే రంగు పెన్నుతో ఒక లైను, "ఒక్కోసారి నాకే అనిపిస్తుందక్కా, తొందరగా పోతే బాగుండని. నేను పాపిష్టిదాన్నా?"

*

చెల్లీ,

నీ ఉత్తరం మూడుసార్లు చదివాను. నువ్వు పెద్దగా పట్టించుకోకుండా మధ్యలో రాసిన ఒక ముక్క దగ్గర ఆగిపోయాను. చిన్నోడు ఒకరోజు తాత దగ్గరికొచ్చి ముక్కు మూసుకున్నాడని, మరుసటి రోజే మామ తన మంచం పశువుల కొట్టం పక్కన రేకుల షెడ్డులోకి మార్పించుకున్నాడని రాశావు. ఇంకో పేజీలో, పైపులో పోసెయ్యమని మొదటిసారి అడిగింది ఆ వారమే అని రాశావు. ఈ రెండూ నువ్వు వేర్వేరుగా రాశావు గానీ నాకు ఒకటే సంగతిలా కనిపిస్తున్నాయి. తప్పే కావొచ్చు, నేను ఆయన్ని చూడలేదు. కానీ కర్నూల్లో 14 ఏళ్లు నర్సుగా చేసి, అందులో 7 ఏళ్లు ఇంటింటికీ పోయి ఇట్లాంటి వాళ్లని చూసిన దాన్ని కాబట్టి చెప్తున్నా, "నన్ను చంపెయ్యండి" అన్నవాళ్లలో ఎక్కువమంది అడిగింది చావు కాదు, "ఇట్లా బతకలేను" అని. ఆ "ఇట్లా"లో ఏముందో కనుక్కోవడమే ముందు పని.

అది మనిషి మనిషికీ వేరే. ఒకరికి నొప్పి, ఒకరికి కోడలితో గుడ్డలు మార్పించుకోవాల్సి రావడం, ఒకరికి అప్పు. ఇంకొకరికి ఎట్లా పోతానో అన్న భయం. మీ మామ బెంగళూరు వార్డులో పక్క బెడ్డు ఆయనకి మెడలోంచి రక్తం పోయి చనిపోవడం చూశాడని రాశావు కదా, అది ఆయన కళ్లలోంచి పోయుంటుందనుకుంటున్నావా? నేనట్లా అనుకోను. కొంతమందికి మాత్రం నిజంగానే సిద్ధమైపోయిన మనసు, బాధేం లేదు, నిండుగా బతికాను, పిలుపొస్తే పోతా అంటారు, అది రోగం కాదు, దాన్ని మనం మార్చాల్సిన పనీ లేదు. ఇవన్నీ ఒకే మాటలో బయటికొస్తాయి, "సాలు ఇంక" అని.

ఇదేదో మీ ఇంట్లో ఒక్కచోటే జరుగుతున్న ఘోరం అనుకోవద్దు. కెనడాలో చోచినోవ్ అనే సైకియాట్రిస్టు 1995లో చావుకి దగ్గరున్న 200 మంది పేషెంట్లని కూర్చోబెట్టి అడిగితే 44.5 శాతం మంది అప్పుడప్పుడూ తొందరగా పోతే బాగుండనిపిస్తుందన్నారు. ఆ కోరిక గట్టిగా, వదలకుండా ఉన్నది మాత్రం 8.5 శాతం మందికే, వాళ్లలో సగానికి పైగా డిప్రెషన్‌లో ఉన్నారు. రెండు వారాల తర్వాత మళ్లీ మాట్లాడగలిగిన ఆరుగురిలో నలుగురికి ఆ కోరిక తగ్గింది కూడా. అంటే ఇది రోజుకొక తీరుగా మారే మనసు. పొద్దున చావాలనుకున్న మనిషే సాయంత్రం పెద్దమ్మాయి పరీక్ష ఎట్లా రాసిందని అడుగుతాడు. రెండూ నిజమే.

నువ్వు చెప్పిన "నీకేం కాదు" అనే మాట గురించి. నిన్ను తప్పు పట్టట్లేదు, ఎందుకంటే నేనూ ఇదే చేశాను, అదీ నర్సునై ఉండి. మా అమ్మ చివరి నెలలో "నన్ను తుంగభద్రలో వదిలెయ్యండే" అంటే నేను గట్టిగా కసిరాను, అపశకునం మాటలొద్దని. అమ్మ మళ్లీ ఆ మాట ఎత్తలేదు. 11 రోజులకి పోయింది. కర్మంతరాల్లో పక్కింటి అవ్వ చెప్పింది, "మీ అమ్మ ముక్కుపుడక నీ చిన్న చెల్లెలికి ఇవ్వాలనుకునింది, మీకు చెప్పబోతే మీరు ఏడుస్తారని నాతో చెప్పింది" అని. అమ్మ చావు మాటతో మొదలుపెట్టి పంపకాల మాటకి రావాలనుకుంది, నేను తలుపు మొదట్లోనే వేసేశాను. ఆ ముక్కుపుడక ఇప్పుడు చెల్లెలి దగ్గరే ఉంది, కానీ అమ్మ చేత్తో ఇవ్వలేదు.

అందుకే చెప్తున్నా, మీ మామ ఆ నాలుగు రోజులూ నీమీద కోపంతో మాట్లాడకుండా లేడు. ఈమెతో కూడా చెప్పుకోడానికి లేదు అని ఊరకున్నాడు. మళ్లీ తెరవొచ్చు, పెద్ద మాటలేం అక్కర్లేదు. రేపు మధ్యాహ్నం పైపులో జావ పోసేటప్పుడు, చేతిలో పని ఉన్నప్పుడే, "మామా, మొన్న నువ్వు ఆ మాట అంటే నేను భయపడి ఏదో అనేశాను. నువ్వు చెప్పింది సరిగా వినలేదు. అంత మాట అనేంత కష్టం ఏంది, చెప్పు, ఈసారి వింటా" అను. అని ఊరకుండు. ఈ ఊరకుండడమే కష్టం, నిమిషం గంటలా ఉంటుంది, మధ్యలో ఏదో ఒకటి అనెయ్యాలనిపిస్తుంది, అనొద్దు. ఆయనకి మాట రావడానికే టైం పడుతుంది, పైగా నోరు ఆ పరిస్థితిలో ఉంది. పిల్లల పలక, బలపం పక్కన పెట్టు, రాయగలిగితే రాస్తాడు.

చెప్పడం మొదలుపెట్టాక ఇంకా అడుగు. ఏ టైంలో ఎక్కువగా అట్లా అనిపిస్తుంది, రాత్రా? అన్నిట్లోకీ ఏది ఓర్చుకోలేకపోతున్నావు? రాబోయే దాంట్లో దేనికి భయమేస్తుంది? ఆ తర్వాత ఇంకో ప్రశ్న ఉంది, దాన్ని తప్పించుకోవద్దు, సూటిగా అడుగు, "దేవుడు తొందరగా తీసుకుపోతే బాగుండు అనిపిస్తుందా, లేకపోతే నువ్వే ఏదన్నా చేసుకోవాలని చూస్తున్నావా?" అడిగితే లేని ఆలోచన పుట్టిస్తామేమో అని అందరూ భయపడతారు, అట్లా జరగదు, అడగడం వల్ల ప్రమాదం పెరగదని ఈ పని చేసేవాళ్లందరికీ తెలిసిన సంగతే. చాలామంది "అమ్మయ్య, అడిగింది" అన్నట్టు ఊపిరి వదులుతారు, నేను చూశాను.

ఆయన జవాబు "నేనే చేసుకుంటా" వైపు ఉంటే, అంటే ఎట్లా అన్నది కూడా అనుకుని ఉంటే, మాత్రలు దాచిపెడుతుంటే, లేదా ఇన్నాళ్లూ బాధపడి ఒక్కసారిగా చాలా ప్రశాంతంగా అందరికీ అప్పగింతలు చెప్తుంటే, అప్పుడు ఒట్టూ లేదు గిట్టూ లేదు, ఆ గంటలోనే మీ ఆయనకి చెప్పు, మనిషిని ఒంటరిగా వదలొద్దు, డాక్టరు దగ్గరికి తీసుకుపోండి. పిల్లల మీద వేసిన ఒట్టు కదా అని భయపడొద్దు, మనిషిని కాపాడ్డానికి తప్పిన ఒట్టు పిల్లలకి తగలదు. జవాబు ఏదైనా సరే, ఆ రేకుల షెడ్డులో చేనికి కొట్టే పురుగుమందు డబ్బాలుంటాయి చూడు, మన ఇళ్లలో అక్కడే పెడతాం, వాటిని ఇవాళే అక్కడి నుంచి తీయించి తాళం పడేచోట పెట్టించు. మందుల డబ్బా కూడా నీ దగ్గరే ఉండనీ. రాత్రిపూట ఎవరితోనూ మాట్లాడలేని పరిస్థితి వస్తే 14416కి ఫోన్ చెయ్యి, టెలీమానస్ అని మనసు బాధలకి గవర్నమెంటు పెట్టిన ఫోన్ లైను, 24 గంటలూ ఉంటుంది, తెలుగులో మాట్లాడతారు. ఆయనకోసమే కాదు, నీకోసం కూడా చెయ్యొచ్చు.

ఇప్పుడు నొప్పి. సాయంత్రం సూది వేస్తే నొప్పి మళ్లీ అర్ధరాత్రికి లేస్తుంది, ఆయన తెల్లారేవరకు ఒక్కడే షెడ్డులో. ఆ రాత్రులే ఆయన్ని సావు మీదికి తోస్తున్నాయేమో. క్యాన్సర్ నొప్పికి రోజుకొక సూది పద్ధతి కాదు, గడియారం చూసుకుని, నొప్పి రాకముందే ఇచ్చే మందు కావాలి. ఇంత ముదిరిన నొప్పికి నోటి మార్ఫిన్ ఉంది, మామూలు మాత్ర నాలుగ్గంటలకొకసారి ఇస్తారు, పొడిచేసి పైపులో కూడా ఇవ్వొచ్చు (మెల్లగా పనిచేసే రకం మాత్రని మాత్రం పొడి చెయ్యకూడదు, డాక్టర్ని అడిగి తీసుకో). దానికి మలబద్ధకం వస్తుంది, మొదటి రోజునుంచే దానికీ మందు రాయించుకోవాలి. మార్ఫిన్ అంటే మత్తుమందు, అలవాటైపోతుంది, మనిషిని తొందరగా చంపేస్తుంది అని జనం భయపడతారు, డాక్టరు నొప్పికి తగ్గట్టు లెక్కపెట్టి పెంచుకుంటూ ఇచ్చినప్పుడు అట్లా కాదు. 1985 మత్తుమందుల చట్టం వల్ల ఏళ్ల తరబడి ఆసుపత్రులు దీన్ని తెప్పించుకోడానికే భయపడేవి, 2014లో ఆ చట్టాన్ని మార్చి కాస్త సులువు చేశారు, అయినా ఇప్పటికీ అన్ని మెడికల్ షాపుల్లో దొరకదు, అనుమతి ఉన్న ఆసుపత్రి నుంచే తెచ్చుకోవాలి. అనంతపురం పెద్దాసుపత్రిలో, లేదంటే కర్నూలులో, బెంగళూరులో క్యాన్సర్ ఆసుపత్రుల్లో "పాలియేటివ్ కేర్ ఎక్కడ, నోటి మార్ఫిన్ రాస్తారా" అని ఈ మాటలతోనే అడగండి (పాలియేటివ్ కేర్ అంటే నయం కాని రోగంలో నొప్పి, బాధ తగ్గించే వైద్యం). పేషెంటు ప్రతిసారీ పోనక్కర్లేదు, మీ ఆయన కాగితాలన్నీ పట్టుకుని పోయి ముందు కనుక్కోవచ్చు.

వాసన సంగతి. ఇది చాలామందికి ఎవరూ చెప్పరు. పుండు వాసనకి కారణం అందులో పెరిగే ఒక రకం క్రిములు, వాటికి మెట్రోనిడజోల్ మాత్రలు, విరేచనాలకి వేసే అవే మాత్రలు. పుండుని కాచి చల్లార్చిన ఉప్పునీళ్లతో మెల్లగా కడిగి, ఆ మాత్రల్ని మెత్తగా పొడిచేసి పైన చల్లి గాజుగుడ్డ కప్పుతారు. గుడ్డ అంటుకుపోయి ఉంటే లాగొద్దు, నీళ్లతో తడిపి నానబెట్టి తీయాలి, లేకపోతే రక్తం వస్తుంది. ఎన్ని మాత్రలు, రోజుకి ఎన్నిసార్లు అన్నది పుండు చూసి నర్సు చెప్పాలి, మీ ఊరి ఏ.ఎన్.ఎం.ని పిలిచి ఒకసారి చేయించి నేర్చుకో. కొద్దిరోజుల్లోనే తేడా తెలుస్తుంది. నేను పోయిన ఒక ఇంట్లో వారం తర్వాత మనవరాలు ఆ ముసలాయన మంచం మీదే కూర్చుని పప్పుండ తింటోంది, ఆయన ఒక్క ముక్క మాట్లాడలేదు, నా వైపు చూసి రెండు చేతులూ ఎత్తాడు. ఆయనా అంతకుముందు ప్రాణం పోయే సూది అడిగినవాడే. అంత మార్పు మీ ఇంట్లో వస్తుందని నేను హామీ ఇవ్వలేను, కానీ ఈ పని చెయ్యకుండా ఆయన కోరికకి అర్థం వెతకడం సరికాదు.

ప్రాణం పోయే సూది గురించి అడిగావు. మన దేశంలో అట్లాంటి సూది లేదు, నెదర్లాండ్స్‌లో 2002 నుంచి, కెనడాలో 2016 నుంచి కొన్ని షరతులతో చట్టం ఉంది, మనకి లేదు. ఇంట్లోవాళ్లు సాయం చేస్తే నేరం, పదేళ్ల దాకా శిక్ష, ఇది నిన్ను భయపెట్టడానికి కాదు, ఆయన నిన్ను అడుగుతున్నది ఎంత పెద్ద బరువో ఆయనకీ తెలియాలి అని. "ఆ పని నేను చెయ్యలేను మామా, కానీ నిన్ను ఈ నొప్పితో వదిలెయ్యను" అని చెప్పు. రెండు ముక్కలూ కలిపే చెప్పాలి, మొదటిది ఒక్కటే చెప్తే మళ్లీ గోడవైపు తిరుగుతాడు.

కానీ వద్దు అనే హక్కు ఆయనకుంది. సుప్రీంకోర్టు 2018 మార్చి 9న చెప్పింది, తెలివి ఉన్న మనిషి తనకి వైద్యం వద్దనుకుంటే వద్దనొచ్చని, ముందే రాసిపెట్టుకోనూవచ్చని. ఆ రాసే పద్ధతి మొదట్లో చాలా కష్టంగా ఉండేది, 2023 జనవరిలో సులువు చేసి ఇద్దరు సాక్షులతో నోటరీ ముందో గెజిటెడ్ ఆఫీసర్ ముందో సంతకం పెడితే చాలన్నారు. ఐసీయూ వద్దు, వెంటిలేటర్ వద్దు, మళ్లీ బెంగళూరు వద్దు, ఇంట్లోనే పోతా అని ఆయన అంటే అది ఆత్మహత్య కాదు. "పైపులో పోసెయ్యి" అనడం వెనక అసలు ఆ పైపే ఆయనకి పడట్లేదేమో కూడా అడుగు. పైపు వద్దంటే డాక్టరుతో కూర్చుని మాట్లాడాలి, తీసేస్తే తిండి, మందులు ఎట్లా పోతాయి, ఎన్నాళ్లుంటాడు, ఆకలి దప్పులకి ఏం చేస్తారు అన్నీ ముందే తెలుసుకోవాలి. నువ్వొక్కదానివే మధ్యాహ్నం తీసెయ్యాల్సిన నిర్ణయం మాత్రం కాదు.

మీ ఆయన సంగతి చివరికి పెట్టాను గానీ నాకు అన్నిటికంటే దిగులు ఇదే. నువ్వు చెప్పకుండా ఉంటే మామ నమ్మకం నిలుస్తుంది, కానీ రేపు ఏదన్నా జరిగితే ఆ ఇంట్లో, ఆ ఊళ్లో వేలు చూపించేది కోడలివైపే, అది నీకూ తెలుసు. మామకి తెలియకుండా చెప్పేస్తే మీ ఆయన పోయి "ఏం నాయనా ఇట్లా అన్నావంట" అని నిలదీస్తాడు, ఇంక ఆ ముసలాయన ఎవరికీ నోరు విప్పడు. ఈ రెండింటికీ మధ్య ఒక దారుంది, మామనే అడగడం. "నువ్వు చెప్పింది నేనొక్కదాన్నే మొయ్యలేకపోతున్నా మామా, బావకి నువ్వే చెప్తావా, నన్ను చెప్పమంటావా, డాక్టరు దగ్గర చెప్పుకుందామా?" అని. చాలామంది మూడోది ఎంచుకుంటారు, కొడుకు కళ్లలోకి చూసి చెప్పడం తండ్రికి కష్టం.

మీ ఆయన దాస్తున్న రోగం పేరు విషయానికొస్తే, నెలల తరబడి క్యాన్సర్ వార్డులో పడుకుని కరెంటు పెట్టించుకున్న మనిషికి తెలియదనుకోవడం మన ఆశ. ఆయనకి తెలుసు, కొడుకు ఏడుస్తాడని దాస్తున్నాడు. కొడుకు, తండ్రి కుంగిపోతాడని దాస్తున్నాడు. ఒకరికొకరు ఇంత ప్రేమగా అబద్ధం చెప్పుకుంటుంటే మధ్యలో నువ్వు నలిగిపోతున్నావు. మీ ఆయనతో "చెప్పెయ్" అని కొట్లాడొద్దు, "నాయన రోగం గురించి ఏమనుకుంటున్నాడో నువ్వొక్కసారి అడుగు, నువ్వేం చెప్పొద్దు, అడుగు చాలు" అను. ఒప్పుకోకపోవచ్చు. ఒప్పుకోకపోతే పాలియేటివ్ డాక్టరుతో ఆ పని చేయించొచ్చు, వాళ్లకది రోజూ ఉండే పని.

ఇంట్లో ఇంక చెయ్యలేం అనిపిస్తే బెంగళూరులో కరుణాశ్రయ ఉంది, 1999 నుంచి, నయం కాని క్యాన్సర్ వాళ్లకి డబ్బు తీసుకోకుండా చూస్తారు. హైదరాబాదులో స్పర్శ్ హాస్పీస్ కూడా అట్లాంటిదే. అక్కడ చేర్చడమంటే వదిలించుకోవడం కాదు, కానీ ఊళ్లో నాలుగు మాటలంటారు, మామకి ఇల్లు దూరమవుతుంది. నొప్పి, పుండు అదుపులోకి వచ్చేదాకా కొన్ని రోజులుంచి మళ్లీ ఇంటికి తెచ్చుకోడానికి వీలవుతుందేమో అడగండి.

ఇంక నువ్వు వేరే పెన్నుతో రాసిన లైను. ఆ పెన్ను మార్చడం చూసే అర్థమైంది నాకు, ఎన్ని రోజులు రాయాలా వద్దా అనుకున్నావో. చెల్లీ, నువ్వు పాపిష్టిదానివి కాదు. రోజుకి ఆరుసార్లు పైపులో జావ పోసి, ఆ పుండు కడిగి, ఆ గుడ్డలుతికి, రాత్రి మిషన్ దగ్గర కూర్చుని జాకెట్లు కుట్టే మనిషికి "ఇది ఐపోతే బాగుండు" అనిపిస్తుంది. ఆయన బాధ ఐపోవాలనీ ఉంటుంది, నీ కష్టం ఐపోవాలనీ ఉంటుంది, ఏది ఎంతో విడదీసి లెక్కపెట్టుకోవాల్సిన అవసరం లేదు. మీ ఆడపడుచు గుంతకల్లులోనే ఉంటుందన్నావు కదా, వారంలో ఒక రెండు రోజులు వచ్చి చూడమని అడుగు. ఆమెకి తండ్రే కదా. అడగడానికి మొహమాటం అయితే నా ఈ జవాబు చూపించు.

ముందు పురుగుమందు డబ్బాలు, ఇవాళే. రేపు ఏ.ఎన్.ఎం.ని పిలిచి ఆ మాత్రల పొడి సంగతి. ఇంక మంచం గురించి మాత్రం నువ్వూ మీ ఆయనా అనుకుని లోపలికి జరిపెయ్యకండి, ఎక్కడ వెయ్యమంటావు మామా అని ఆయన్నే అడుగు. ఏమన్నాడో నాకు రాయి.